పచ్చ వెలిగితే నీళ్లు

నిన్న సాయంత్రం ఎదురింటి బాల్కనీకి కొత్తగా కట్టిన ఎల్‌ఈడీ పట్టీ పచ్చగా వెలిగింది. ఆ వెలుగు మా వంటగది గోడ మీద పడగానే నా చేయి దానంతటదే గ్లాసు అందుకుంది. ఇంట్లో ఎవరూ లేరు. లలితక్క గుర్తొచ్చింది.

రెండువేల పది నాటి రోజులవి. ముంబై దగ్గరి భివండిలో, కామత్‌ఘర్ పేటలో మరమగ్గాల కార్ఖానా గోడకు ఆనుకున్న ఇల్లు లలితక్కది. ముందు గదిలో ఆమె కంప్యూటర్ క్లాసు నడిపేది. లోపలి గదిలో వాళ్లమ్మ మంచాన పడి ఉండేది. పక్షవాతంతో మాట పోయింది. ఆమె పిలవడానికని అక్క మంచం పక్కన రెండు బటన్లు పెట్టి, ఒక చిన్న బోర్డు ద్వారా క్లాసు గోడ మీది రంగుల పట్టీకి కలిపింది. మాకు పాఠం కూడా దానితోనే. "ఫంక్షన్ అంటే ఏం లేదు, ఓ పనికి పేరు పెట్టుడే. ఆ పేరుతోని పిలిస్తే పని అయితది" అనేది. 'నీళ్లు' అని నేను రాసిన ఫంక్షన్ పట్టీని పచ్చగా వెలిగించేది. తొందరగా రమ్మనే 'జల్ది' ఫంక్షన్ ఎర్రగా కొట్టుకునేలా చేసేది. ఏది వెలిగినా అక్క పాఠం మధ్యలోనే లేచి వెళ్లేది.

ఆ వానాకాలం అక్క వాళ్లమ్మ పోయింది. బటన్లు పీకేసి, గోడలో మిగిలిన వైర్ల కొసలకు టేపు చుట్టాం. క్లాసు మళ్లీ మొదలైన శుక్రవారం మగ్గాలకు సెలవు. గోడలు అదరని ఆ నిశ్శబ్దంలో, పాఠం నడుస్తుండగా, పట్టీ పచ్చగా వెలిగింది. మేమెవరం కదల్లేదు. అక్క లేచి గ్లాసుతో నీళ్లు తీసుకెళ్లి, ఖాళీ మంచం పక్కన పెట్టి వచ్చింది.

"ఆ ఫంక్షన్లు తీసేద్దాం అక్కా, భయమైతుంది" అన్నాను.

"ఎందుకు వెలిగిందో తెల్వకుండనే తీసేస్తవా? ముందుగాల చూడు."

కోడ్ వరుసవరుసా చదివాం. వైర్లు తడిమి చూశాం. తప్పెక్కడా దొరకలేదు. లోపలి గ్లాసు ఇంకా నిండుగానే ఉందో లేదో చూసే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

కొన్నాళ్లకు, మగ్గాలు జోరుగా ఆడుతున్న ఒక మధ్యాహ్నం, పట్టీ ఎర్రగా కొట్టుకోసాగింది. "వస్తున్ననే అమ్మా!" అంటూ అక్క లోపలికి పరుగెత్తింది. ఆమెకేమవుతుందోనని మేమంతా వెనకే వెళ్లాం. అందరం గడప దాటామో లేదో, ముందు గది కప్పు పెళ్లున విరిగి మేము కూర్చున్న కుర్చీల మీద పడింది.

దుమ్ము అణిగాక అక్క వైర్లు చూసింది. టేపు ఊడి వేలాడుతోంది. "మగ్గాల అదురుకు కప్పు పగిలింది. గా అదురుకే వైర్లు తగిలినయ్" అంది.

"మరి పచ్చ వెలిగిననాడు మగ్గాలు బంద్ ఉండె గద?" అని అడిగాను.

అక్క వేలాడే టేపును వైర్ల కొసలకు మళ్లీ చుట్టింది. "అది నాకు తెల్వదు, సునీతా" అంది.

ఆ తర్వాత చాలామంది దగ్గర చదువుకున్నాను. అంత నెమ్మదిగా 'తెల్వదు' అన్నవాళ్లు ఇంకొకరు కనిపించలేదు. ఇప్పటికీ ఎవరో పిలిచినట్టనిపిస్తే, చేతిలో పని వదిలి ముందు లేచి వెళ్తాను. "ఎవరు పిలిచారమ్మా?" అని మా అమ్మాయి అడుగుతుంది. తెలియదంటాను.