అడవిలో పుట్టినవాడికి వచ్చిన జ్వరం

మాచర్ల దాటి అడవి అంచుకు వెళ్ళదలచినవారు వానలు వెనకబట్టిన నెలలో వెళ్ళకండి. తప్పనిసరైతే మలేరియా రాకుండా క్లోరోక్విన్ బిళ్ళలు మింగి మరీ వెళ్ళండి. నేను ఎనభైల నడుమ ఒక అక్టోబరులో వెళ్ళాను, సరదాకి కాదు. నరసరావుపేటలో నేను రక్తపరీక్షలు చేసే చిన్న ఆసుపత్రిలో అంజయ్య పనివాడు. చెంచువాడు. పదకొండేళ్ళుగా పేటలోనే ఉన్నాడు. తల్లిని చూసొస్తానని వెల్దుర్తి అవతల తన గూడేనికి వెళ్ళి నెల తిరక్కుండానే జ్వరమని కబురొచ్చింది.

పొద్దున ఆరింటికి పేటలో పిడుగురాళ్ళ బస్సెక్కాను. అక్కడ మాచర్ల రైలు గంటన్నర ఆలస్యం. రైలుపెట్టెనిండా సున్నపు బట్టీల దుమ్ము. నా ఎదురుగా మాచర్లలో పంపుసెట్లు బాగుచేసే మస్తాన్ కూర్చున్నాడు. నా సంచిలో మందులు చూసి ఎవరికని అడిగితే చెప్పాను.

"చెంచోళ్ళకి మలేరియా ఏం చేసిద్దన్నా? పుట్టిన కాడ్నుంచి దోమలు కుడతానే ఉంటయ్యి గదా, అలవాటు పడిపోయుంటారు" అన్నాడు.

అతని మాటలో సగం నిజం. అంజయ్య చుట్టాలు పేటకి వచ్చినప్పుడు నేను రక్తం చూసేవాణ్ణి. క్రిములు కనిపించేవి, మనిషికి మాత్రం జ్వరం ఉండేది కాదు. పసితనంలో జ్వరం మీద జ్వరం వచ్చి, బతికి బట్టకట్టినవాళ్ళ ఒంటికి ఆ క్రిమిని అణచిపెట్టే బలం వస్తుంది. మిగతా సగం నేను మస్తాన్‌కి చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఆ దోమకాటు లేకపోతే ఆ బలం సన్నగిల్లుతుంది. అంజయ్యకి కూడా చెప్పలేదు. వాడు గూడేనికి బయల్దేరేముందు రక్తం చూసి, "ఒక్క క్రిమి లేదురా" అంటే పొంగిపోయాడు. నాలుగు వారాలకి సరిపడా బిళ్ళలిచ్చి, ఊరుకున్నాను.

ఒంటిగంటన్నరకి మాచర్లలో దిగాను. రెండున్నర బస్సులో వెల్దుర్తి దాటి, మూడు మైళ్ళు నడిచి ఐదింటికి గూడెం చేరాను. గూడెంలో అందరూ కులాసాగా పనుల్లో తిరుగుతున్నారు. జ్వరం అంజయ్య ఒక్కడికే, గుడిసెలో పడి వణుకుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. పక్కన తల్లి లింగమ్మ కూర్చుని ఉంది.

"బిళ్ళలు వేసుకోలేదా అమ్మా?"

"గూడెం పిల్లలకి పంచాడయ్యా. నేనీడ పుట్టినోణ్ణి, నాకేందమ్మా అన్నాడు. మేమూ అట్నే అనుకున్నాం."

బండి కట్టించి రోడ్డు మీదికి తెచ్చి, లారీ ఆపి లింగమ్మా నేనూ మాచర్ల ఆసుపత్రికి చేర్చాం. డాక్టరు క్వినైన్ ఎక్కించాడు. జ్వరం మెదడుకెక్కింది, నిన్నయినా తేవలసింది అన్నాడు. తెల్లారి ఆరున్నరకి అంజయ్య పోయాడు.

శవాన్ని గూడేనికి చేర్చడానికి జీపు మాట్లాడాను. నేనూ వస్తానంటే లింగమ్మ వద్దంది. జీపెక్కేముందు నా వైపు తిరిగింది.

"ఏడుగురిని కన్నానయ్యా. ఐదుగురు పాకే ఈడులోనే ఈ జ్వరానికే పోయారు. వీడు గండం దాటాడనుకున్నా. ఊరిడిచి పోతే గండం మళ్ళీ మొదటికొచ్చిద్దా? నీకు తెలుసా?"

"తెలుసమ్మా" అన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. జీపు వెళ్ళిపోయింది, నేను స్టేషనుకి నడిచాను.

పదిన్నర రైలు దొరికింది. గురజాల దాటింది. పక్కనున్న పెద్దాయన ఎక్కడి నుంచని అడిగి, చెంచుగూడెం నుంచని చెప్తే తలూపి, "అడివోళ్ళు చానా గట్టోళ్ళు, వాళ్ళకి జ్వరాలు రావు" అన్నాడు. నిన్నటిదాకా నేనూ ఆ మాట వింతగా పదిమందికి చెప్పినవాణ్ణే. ఆయనకి లింగమ్మ కన్న ఏడుగురి సంగతి చెప్పాను. ఆయన చుట్ట ఆర్పేశాడు. ఏడుగురిలో ఇప్పుడు మిగిలింది ఎవరని అడిగాడు. ఒక ఆడపిల్ల, ఆమె గూడెం విడిచి ఎక్కడికీ పోలేదు అన్నాను.