తొమ్మిది నొక్కితే ఎనిమిది చుక్కలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ దసరా మర్నాడు పొద్దున్నే ములకలపల్లి డిపో నుంచి మూడోసారి ఫోన్ వచ్చేసరికి అది కాస్తా నెత్తికెక్కింది. జామాయిల్ కర్ర కొనే కంపెనీ మాది. ఖమ్మం ఆఫీసులో కూర్చుని అన్ని డిపోల కంప్యూటర్లూ చూసేది నేను. డిపోలో కాంటా దగ్గర బరువులు కంప్యూటర్లో ఎక్కించే అమ్మాయి కొత్తగా చేరింది. అప్పటికి రెండుసార్లు పాస్‌వర్డ్ మార్చి ఇచ్చాను.

"మంచిగనే కొడుతున్న సార్. తప్పనే వస్తున్నది," అంది.

"కళ్లు పెట్టి చూసి కొట్టమ్మా," అని కసిరి, కంప్యూటర్లో ఆ కంప్లైంట్ కింద 'మనిషికి పని రాదు' అని రాసి పారేశాను. అది నేరుగా డిపో మేనేజర్‌కి వెళ్లింది. కాసేపటికే ఆయన ఫోన్.

"పని రాకుంటే పగటాల్లకు ఇంటికి పంపిస్త సార్. ఇంకొకల్లను చూసుకుంట."

చిరాకులో రాసిన ఒక్క మాటతో ఒక మనిషి నౌకరీ ఊడగొడుతున్నానా? మధ్యాహ్నంలోపే వస్తానని, అందాకా ఆగమని బతిమాలి బండి తీశాను. దారిలో ఏన్కూరులో టీకి కూడా ఆగలేదు.

డిపో ముందు కర్ర ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి. అమ్మాయి అప్పటికే టిఫిన్ డబ్బా సంచిలో సర్దేసుకుని కుర్చీ అంచున కూర్చుంది. ముందు రోజు ఆయుధపూజ చేశారేమో, కాంటాకీ కంప్యూటర్‌కీ పసుపు, కుంకుమ. ఆ చిన్న కీబోర్డు మీదైతే మీట మీటకీ బొట్టు.

"నెమ్మదిగా కొట్టు, చూస్తాను," అన్నాను.

ఒక్కో మీటా నొక్కింది. నొక్కినప్పుడల్లా తెర మీద ఒక చుక్క పడుతోంది. తొమ్మిది మీటలు నొక్కింది. చుక్కలు ఎనిమిదే. మళ్లీ కొట్టించాను. మళ్లీ ఎనిమిదే. చివర్లో వచ్చే 7 అంకె నొక్కితే చుక్క పడటం లేదు. దొరికాడు దొంగ!

ఆ మీట ఊడదీశాను. కింద పసుపు ముద్ద ఎండి గట్టిపడి ఉంది.

"దసరా బొట్టు తుడువద్దని నేనే ముట్టలే సార్," అంది గాబరాగా.

అప్పుడు వెలిగింది నాకు. నేనిచ్చే ప్రతి పాస్‌వర్డూ ఆ 7తోనే ముగుస్తుంది. ఏళ్ల నాటి అలవాటు. ఎన్నిసార్లు మార్చి ఇస్తే మాత్రం ఏం లాభం?

అగ్గిపుల్లతో గీకి, గుడ్డతో తుడిచి, మీట బిగించాను. అమ్మాయి మళ్లీ కొట్టింది. తొమ్మిదో చుక్క పడింది. తెర తెరుచుకుంది. ఎగిరి గంతేయడమొక్కటే తక్కువ నాకు. ఆ అమ్మాయి మాత్రం కిటికీలోంచి చెయ్యి ఊపి మొదటి ట్రాక్టర్‌ని పిలిచింది.

మేనేజర్ వెనకే నిలబడి చూస్తున్నాడు. "మరి పని రాదని మీరే రాసిండ్రు గద?"

అమ్మాయి చేతులు మీటల మీదే ఆగిపోయాయి.

ఫోన్‌లో ఆ కంప్లైంట్ తీసి, పొద్దున రాసింది కొట్టేసి, కొత్తది రాశాను. ఇద్దరికీ వినబడేలా చదివాను.

"మనిషికి పని వచ్చు. చూడకుండా రాసిన తప్పు నాది."