పురిటి గదిలో పాలపొడి డబ్బా

అరవైల మొదట్లో తొలికాన్పుకు హిందూపురం నుంచి పెనుకొండలోని పుట్టింటికి వచ్చాను. పురుడు పోసుకున్నాక మా అవ్వ నన్ను గది గడప దాటనివ్వలేదు. అందుకని ఆసుపత్రి నర్సమ్మే మా ఇంటికి వచ్చేది. నన్నూ బిడ్డనూ చూసి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, కాసేపు కూర్చుని వెళ్ళేది. బజారులో అంగడి, పెరట్లో వేరుశనగ వ్యాపారం ఉన్న ఇల్లు మరి. పిలవకపోయినా వస్తారు.

పెరట్లో కూలి ఆడవాళ్ళు కాయలు ఒలిచేవారు. వాళ్ళలో ఒకామెకు నాకంటే కాస్త ముందే కాన్పయింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకునే ఒలిచేది. పాలు చాలక ఆ పసిగుడ్డు ఏడుస్తుంటే గోడ ఇవతల నా రవిక తడిసిపోయేది.

ఒకరోజు నర్సమ్మ ఆసుపత్రిలో ఊరికే పంచే పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి నా మంచం కింద పెట్టింది. నాకెందుకు, ఆమెకివ్వండి అన్నాను. కూలివాళ్ళకు ఇంటికివ్వరట. మంగళవారం పొద్దున బిడ్డతో ఆసుపత్రికి వస్తే అక్కడే కలిపి పోస్తారట. మరి నాకెట్లా ఇచ్చారంటే నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డబ్బా పెరట్లోకి పంపుదామంటే అవ్వ ఒప్పుకోలేదు. పురిటి గదిలోకి వచ్చిన వస్తువు మైల తీరేదాకా బయటికి పోకూడదు. అవ్వ చూడకుండా కిటికీలోంచి ఇవ్వబోతే ఆ బిడ్డ తల్లే చెయ్యి చాపలేదు.

"వద్దమ్మా, మైల నా బిడ్డకు తగులుతాది. మంగళారం నేనే పోతాలే."

మా పెరట్లో ఒక పూట ఎగ్గొట్టినవాళ్ళకు ఆ వారమంతా పని ఉండదు. ఆ కట్టుబాటు నాయనదే. ఈ ఒక్కసారికి వదిలెయ్యమని గదిలోంచే బతిమాలాను. ఒకరికి వదిలితే అందరూ అడుగుతారన్నాడు. ఆమె వెళ్ళింది. బిడ్డకు ఆ పూట కడుపు నిండింది. మరునాడు పనికి వస్తే నాయన వెనక్కి పంపేశాడు.

తరువాతి మంగళవారం ఆమె కాయల దగ్గరే కూర్చుంది. ఆ మధ్యాహ్నం నర్సమ్మ మా ఇంటికి వచ్చి, ఊరికే పోస్తామన్నా ఈ ఆడవాళ్ళు రారని, బిడ్డల మీద ఆపేక్ష లేదని సణిగింది. నాకు కోపం ఆగలేదు.

"ఆమె ఈ గోడకు అవతలే ఉండాది. పోయి ఆ బిడ్డను చూడండి" అన్నాను.

"ఇండ్లెంబడి తిరిగేదానికి మాకు యాడ వీలైతాదమ్మా" అంది నర్సమ్మ, మా ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ.