నడిసముద్రంలో నీళ్లు దాచిన ఆదోని వాడు

ఓడ తోక మునగాలంటే తుఫాను రావాలి, లేదా అడుగున చిల్లు పడాలి. ఇవేవీ లేకుండా, ఎండ కాస్తూ గాలి కూడా సోమరిగా ఉన్న వారం రోజుల్లో, నిక్షేపంలాంటి ఓడ తోకను నేను ఒంటిచేత్తో ముంచాను. పూర్తిగా కాదు లెండి. కానీ నా ఉద్యోగం, మా చీఫ్ ఇంజనీరు పరువు, కెప్టెన్ గారి నిద్ర మునగడానికి ఆ మాత్రం సరిపోయింది.

నా పేరు రఫీ. మా నాన్న ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు ఫిట్టరు. ఆయన చేతి వాసన నాకూ అబ్బి, ఎక్కడెక్కడో చదివి, చివరికి ఒక చిన్న సరుకుల ఓడలో ట్రైనీ ఇంజనీరునయ్యాను. చిన్నప్పటి నుంచీ నా కాలు ఒకచోట నిలవదు. ఓడ ఎక్కాక అది మరీ ఎక్కువైంది, ఎందుకంటే పర్మినెంట్ అవుతానో లేదో తేలలేదు. ఇంజను రూములో మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండేవాణ్ణి. వంటవాడు నన్ను చూస్తే తనకు కళ్లు తిరుగుతున్నాయని ఫిర్యాదు కూడా చేశాడు.

విశాఖలో బయల్దేరే రోజు చీఫ్ ఇంజనీరు రాజుగారు నన్ను పిలిచారు. ఆయనది గోదావరి వైపు. ఇంటి వెనక కాలవ, ముందు కాలవ.

"అబ్బాయ్, ఈ ఓడ నూనె ఎక్కువ తాగుతోందని, పొగ ఎక్కువ వదులుతోందని కంపెనీ గోల పెడుతోంది. అడుగున పట్టిన నాచంతా గీకించాం. నిదానంగా నడుపుతాం. ముందూ వెనకా సమంగా తేలేలా లెక్క కట్టి బరువులు సర్దాం. సింగపూరు చేరేసరికి నూనె తగ్గిందా, నిన్ను పర్మినెంట్ చెయ్యమని నేనే రాస్తాను. తగ్గలేదా, నువ్వు ఆదోనికి, నేను మా కాలవ గట్టుకి."

"తగ్గిస్తాం సార్!" అన్నాను, నేనేదో నూనెతో మాట్లాడి ఒప్పించేవాడిలాగా.

"నీకు మంచినీళ్ల యంత్రం అప్పజెబుతున్నా. వాడుకకు సరిపోయేంత చెయ్యి, ఆపెయ్యి. వెనక ట్యాంకు మాత్రం ఖాళీగా ఉంచు. దాని మీటరు పాడైంది. రోజూ టేపు దించి కొలిచి పుస్తకంలో రాయి."

ఆ యంత్రం ఇంజను వేడితో సముద్రపు నీళ్లను మరిగించి మంచినీళ్లు చేస్తుంది. ఎలాగూ వృథాగా పోయే వేడి కాబట్టి నీళ్లు ఊరికే వచ్చినట్టే. మొదటి రోజు మధ్యాహ్నానికే వాడుక ట్యాంకు నిండింది. యంత్రం ఆపడానికి చెయ్యి పెట్టాను. చెయ్యి కదలలేదు.

నా కష్టం మీకు అర్థం కావాలంటే మా వీధి గురించి చెప్పాలి. మాకు కొళాయి నీళ్లు వచ్చే రోజు పండగ. బిందెలు, డ్రమ్ములు, బకెట్లు, చివరికి పప్పు గిన్నెలు కూడా నింపుతాం. నీళ్లు వస్తుండగా కొళాయి కట్టేసినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. చూసి ఉంటే ఆ కుటుంబంతో మాట్లాడటం మానేసేవాళ్లం. ఎమ్మిగనూరులో ఉన్న తన చెల్లెలు, మా ఖాలా ఇంటికి పోయినా మా అమ్మీ రెండు ఖాళీ క్యాన్లు పట్టుకుని బస్సెక్కుతుంది.

ఆ రోజే అమ్మీ ఫోన్ చేసింది.

"బేటా, ఆడ నీళ్లు వస్తాండాయా?"

"సముద్రంలో ఉండాను అమ్మీ!"

"సముద్రం నీళ్లు తాగుతారేందిరా? తాగే నీళ్లు ఎన్ని దినాలకొకసారి ఇడుస్తారు?"

"మిషను ఉంది. రోజూ వస్తాండాయి."

"రోజూనా!" అమ్మీ గొంతు తగ్గించింది. "అయితే వచ్చినప్పుడే పట్టి పెట్టుకో. మిషను రేపు చెడిపోతే? ఇంకోటి, పట్టి పెట్టినట్లు ఎవురికీ సెప్పొద్దు. అందరూ బిందెలు ఎత్తుకోని వస్తారు."

ఫోన్ పెట్టేసి యంత్రం దగ్గరికి పోయాను. చల్లగా, తియ్యగా, ఊరికే వస్తున్న నీళ్లు. అవతల అంత పెద్ద ట్యాంకు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. వాల్వు తిప్పాను. పుస్తకంలో "ఖాళీ" అని రాశాను.

మూడో రోజు నుంచి రాజుగారికి మనశ్శాంతి పోయింది. నూనె తగ్గలేదు సరికదా, పెరుగుతోంది.

"ఏంట్రా ఇది, కల్లు దుకాణానికి పోయినవాడిలా తాగుతోంది? ఫిల్టర్లు విప్పండి!"

విప్పాం. కడిగాం. బిగించాం. అందరికంటే ఎక్కువగా పరుగులు పెట్టింది నేనే. నా ఉద్యోగం పోతోందన్న భయం మరి. నాలుగో రోజు అనవసరమైన లైట్లన్నీ తీసేయించారు. ఐదో రోజు ఏసీ ఆపించారు. కెప్టెన్ గారు బనియనుతో బయటికొచ్చి, సముద్ర పటంతో విసురుకుంటూ అడిగారు.

"రాజూ, నూనె మిగులుతోందా, మనుషులు మిగులుతారా?"

"ఒక్క రోజు ఓపిక పట్టండి సార్."

ఆరో రోజు వంటవాడి రెండో పొయ్యి తీయించారు. వాడు ఉప్మా తప్ప ఇంకేమీ వండనని ప్రకటించాడు. ఇంత జరుగుతుంటే నేను రోజూ యంత్రం దగ్గరికి వెళ్లి, ట్యాంకు నిండుతుంటే ధైర్యం తెచ్చుకునేవాణ్ణి. ఏది పోయినా నీళ్లకు కొదవ లేదు కదా! బిందెలు మోసి మోసి భుజం ఒకవైపుకు వంగినవాణ్ణి నేను. నీళ్లు బరువుంటాయని ఓడలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఆ ముక్క మాత్రం బుర్రకు తట్టలేదు.

సింగపూరు బయట లంగరు వేశాక, ఓడ ఎంత లోతు మునిగిందో దాని పక్కనున్న గీతల్లో చూడటానికి కెప్టెన్, చీఫ్ చిన్న పడవలో దిగారు. తాడు పట్టుకోవడానికి నన్నూ దింపారు. దూరం నుంచి చూస్తే తెలిసింది. మా ఓడ గడప ముందు కూర్చున్న కుక్కలాగ, వెనక భాగం దించి, మూతి పైకెత్తి ఉంది.

రాజుగారు ఓడను చూశారు. తర్వాత నన్ను చూశారు.

"వెనక ట్యాంకు ఖాళీయే కదా?"

"ఖాళీగానే ఉండె సార్."

"ఉండె అంటే?"

"ఇప్పుడు రవ్వంత నీళ్లుండాయి."

"రవ్వంత అంటే?"

"నిండా."

కెప్టెన్ గారు విసురుకోవడం ఆపేశారు.

"ఎందుకు నింపావురా?"

"నీళ్లు వస్తాండె సార్. వస్తాంటే ఎట్ల ఇడిసేది?"

"మరి పుస్తకంలో ఖాళీ అని ఎందుకు రాశావు?"

"నీళ్లుండాయని తెలిస్తే అందరూ వస్తారు కద సార్."

"ఎవరొస్తారురా!" రాజుగారు పడవలోనే లేచి నిలబడ్డారు. "నడిసముద్రంలో బిందె పట్టుకుని ఎవడొస్తాడురా! పూటపూటా ఉప్మా తిన్నానురా! నీ నీళ్లు మొయ్యడానికా నేను నిదానంగా నడిపింది?"

ఆ అరుపుకు పక్క ఓడల వాళ్లు కూడా బయటికొచ్చి చూశారు.

శిక్ష వెంటనే వేశారు. ఆ నీళ్లన్నీ నేనే, నా చేత్తోనే పంపు వేసి సముద్రంలోకి వదలాలి. తిడితే పడేవాణ్ణి, కొడితే ఓర్చుకునేవాణ్ణి. ఓడ పక్కన రంధ్రంలోంచి అంత మంచినీళ్లు ధారగా పోయి ఉప్పునీళ్లలో కలుస్తుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మా వీధి మొత్తానికి ఎన్ని వారాలు వచ్చేవో అని లెక్క వేసుకుంటూ నిలబడ్డాను.

"సార్, ఒక్క డ్రమ్ము నింపుకుంటా సార్."

"ఒక్క చెంబు కూడా వద్దు."

తిరుగు ప్రయాణంలో అంతే బరువు సరుకు, అదే నిదానం వేగం, ట్యాంకు మాత్రం ఒట్టిది. పుస్తకంలో రాజుగారే రాశారు. నూనె ఆయన లెక్క కంటే తగ్గింది. రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి, అనవసరమైన బరువు మోస్తే ఎంత నష్టమో పరీక్ష చేసి చూపించామని కంపెనీకి రిపోర్టు పంపారు. కంపెనీ తెగ మెచ్చుకుంది. నన్ను పర్మినెంట్ చేశారు. ఆ ఉత్తరం నాకిచ్చే ముందు దాని కింద రాజుగారు చేత్తో ఒక వాక్యం కలిపారు: "ఇతన్ని మంచినీళ్ల యంత్రం దరిదాపులకు రానీయరాదు."

ఉత్తరం చేతిలో ఉండగానే ఫోన్ మోగింది.

"పర్మినెంట్ అయింది అమ్మీ!"

"సంతోషం బేటా. నీళ్లు పట్టి పెట్టినావా?"

ట్యాంకు వైపు చూశాను. తడితే డోలులా మోగేంత ఖాళీ.

"నిండా పెట్టినా అమ్మీ. ఎవురికీ సెప్పలేదు."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ ట్యాంకు గురించీ అబద్ధం చెప్పను. ఖాళీ అయితే ఖాళీ అని, నిండితే నిండిందని ఉన్నదున్నట్టు చెప్తాను, ఎవరడిగినా సరే, మా అమ్మీ అడిగితే తప్ప.