అనిసెతో సాగదీసిన విరామం

మా తమ్ముడు అనిసెతో గురించి మతాంజస్ ఊళ్ళో రెండు కథలు తిరుగుతున్నాయి. ఒకదాంట్లో వాడు దేవుడు, రెండోదాంట్లో కుక్క. ఏ కథ చెప్పేవాడు ఎదురైనా, పొయ్యి మీద కాలిన ఇస్త్రీ పెట్టె తీసి వాడి మూతి మీద పెట్టాలనిపిస్తుంది నాకు. నా పేరు కాసిల్డా. ఈ ఊరి పెద్దమనుషుల తెల్లచొక్కాలు ఇస్త్రీ చేసి బతికినదాన్ని. ఎవరి చొక్కా మీద ఎవరి రక్తం పడిందో కూడా నాకు తెలుసు.

మా నాన్న రేవులో పీపాలు కట్టేవాడు. చేతులు బండల్లా ఉండేవి, అవి ఎక్కువగా మా అమ్మ మీదే పడేవి. నాన్న తాగి వచ్చిన రోజున అనిసెతో వీధి దాటి చర్చిలోకి పరుగెత్తి పాత కాలి హార్మోనియం ముందు కూర్చునేవాడు. ఇంట్లో అమ్మ అరుపు వినబడకుండా గట్టిగా తొక్కుతూ వాయించేవాడు. వాడు సంగీతం మీద ప్రేమతో మొదలెట్టాడని తర్వాత పేపర్లు రాశాయి. చదివి నవ్వొచ్చింది. చెవులు మూసుకోవడానికి మొదలెట్టాడు వాడు.

అమ్మ పోయేనాటికి ఆఖరివాడు లియాంద్రోకి ఇంకా మాటలు రాలేదు. వాడికి అమ్మా నాన్నా మేమిద్దరమే. అనిసెతోకైతే వాడంటే ప్రాణం. చర్చి ఫాదర్ దగ్గర మొదలైన అనిసెతో పియానో చదువు హవానా దాకా, అక్కణ్ణించి పారిస్ దాకా వెళ్ళింది. పారిస్‌లో వాడి పేరు గోడల మీద అచ్చయిన సంవత్సరమే లియాంద్రోకి టైఫాయిడ్ వచ్చింది. నేను తంతి కొట్టానో లేదో, దొరికిన ఓడెక్కి వచ్చేశాడు. పిల్లాడు బతికాడు. వీడు మళ్ళీ వెళ్ళలేదు.

వెళ్ళకపోతేనేం, ఇక్కడా మర్యాదకి తక్కువేం లేదు! తెల్లవాళ్ళ క్లబ్బులో కచేరీ చేస్తే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అయ్యాక మాత్రం వంటవాళ్ళు పోయే తలుపులోంచి బయటికి పంపారు. మా రంగుకి ఆ తలుపే. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు మాత్రం, "పోనీలే అక్కా, వంటింట్లో మంచి వాసనొచ్చింది" అన్నాడు. పొట్ట గడవడానికి సినిమా హాల్లో మూగ బొమ్మలకి వాయించాడు. బొమ్మలకి మాటలొచ్చి ఆ పనీ పోయింది. మిగిలింది ఆదివారం నాడు మా వాళ్ళ సంఘంలో జరిగే డాన్సు.

మా ఊరి డాన్సంటే దన్సోన్. అందులో మొదట ఒక ముక్క వాయిస్తారు, దాన్ని పసేయో అంటాం. పాట నడుమ నడుమ ఆ ముక్కే తిరిగి వస్తుంది. అది వచ్చిందంటే ఎవరూ ఆడరు. జంటలు ఉన్నచోటే ఆగిపోయి, ఆడవాళ్ళు విసనకర్ర తీస్తారు, మగవాళ్ళు చెమట తుడుచుకుంటారు, పక్కవాళ్ళని పలకరిస్తారు. ముక్క అయిపోగానే మళ్ళీ అడుగు. మాకు ఇది ఎవరూ నేర్పరు. పసేయో వినబడితే మా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి.

సార్జెంట్ ఉబాల్దో కాళ్ళూ అంతే. మా సంఘంలో వాణ్ణి మించిన ఆటగాడు లేడు. నేల మీద ఒక్క పలక దాటకుండా పాటంతా ఆడేవాడు. వాడితో నేనూ ఆడాను. చెయ్యి మెత్తగా ఉండేది. అదే చేత్తో ఠాణాలో ఎద్దుతోలు కొరడా పట్టేవాడు.

అప్పుడు అధ్యక్షుడికీ జనానికీ యుద్ధం నడుస్తోంది. సమ్మె అన్నవాణ్ణి ఎత్తుకెళ్ళేవాళ్ళు. కొందరు ఇంటికొచ్చేవాళ్ళు, కొందరు అఖాతం ఒడ్డున బురదలో తేలేవాళ్ళు. లియాంద్రో అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. సమ్మె కాగితాలు అచ్చేశాడని వాణ్ణి పట్టుకుపోయారు. ఠాణాలో దెబ్బలకి అరిచింది వాడొక్కడే కాదు. ఠాణా ఎదుట పెద్దమనుషుల ఇళ్ళున్నాయి. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే అరుపులకి మెలకువ వస్తోందని వాళ్ళు ఫిర్యాదు చేశారట. దాంతో అక్కడి కెప్టెన్ ఒక మూతబడ్డ బడిలోంచి పియానో మోయించి ఠాణా ముందుగదిలో పెట్టించాడు. అనిసెతోని పిలిపించాడు.

"రోజూ మధ్యాహ్నం వచ్చి వాయించు. గట్టిగా. నువ్వు రాని రోజున మీ తమ్ముడి శవం వస్తుంది మీ ఇంటికి" అన్నాడు.

నేను లియాంద్రోకని తెచ్చిన పప్పూ అన్నం డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడి విన్నాను. అనిసెతో కూర్చుని వాయించడం మొదలెట్టాడు.

మొదట్లో పెద్దపెద్ద కచేరీ ముక్కలు, ఉరుముల్లా వాయించాడు. వెనక గదిలో కొరడా ఆగలేదు. నాలుగో రోజో ఐదో రోజో ఉబాల్దో చొక్కా చేతులు మడుచుకుని బయటికొచ్చాడు. చేతులనిండా ఎర్రగా ఉంది.

"ఏంటి మాస్టారూ ఈ జర్మనీ గోల? తలనొప్పొస్తోంది. మనది ఏదైనా వాయించరాదూ, చెయ్యి ఆడాలిగా!"

అనిసెతో దన్సోన్ ఎత్తుకున్నాడు. ఉబాల్దో లోపలికెళ్ళాడు. పాట తాళానికి సరిగ్గా దెబ్బ, దెబ్బకి ఒక అరుపు. కిటికీ చువ్వలు వదలకుండా నిలబడ్డాను నేను. ఇంతలో పసేయో వచ్చింది. కొరడా ఆగింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, చుట్ట వాసన. ముక్క అయిపోయింది, మళ్ళీ కొరడా.

అనిసెతో నా వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను, దారి దొరికినవాడి చూపు అది. మళ్ళీ పసేయో రాగానే రెండుసార్లు తిప్పాడు. మర్నాడు మూడుసార్లు. తర్వాత ఎవరూ పట్టించుకోవడం లేదని, అల్లికలు అల్లుతూ, నెమ్మది చేస్తూ, అదే ముక్కని చుట్టూ చుట్టూ తిప్పేవాడు. ఉబాల్దో లోపల చుట్ట కాలుస్తూ నవ్వేవాడు. "మాస్టారికి ఇవాళ ఆడాలని లేదు కాబోలు!" అనేవాడు కానీ, పసేయో నడుస్తుంటే మాత్రం చెయ్యి ఎత్తేవాడు కాదు. వాయించి ఇంటికొచ్చి అనిసెతో చేతులు నీళ్ళ బకెట్లో ముంచి కూర్చునేవాడు. "ఇవాళ సగం దెబ్బలు ఆపాను అక్కా. సగం ఆపాను వాడి మీద పడకుండా" అనేవాడు.

ఆ రోజుల్లోనే మా వెనకింటి సెవెరీనోని పట్టుకున్నారు. లియాంద్రోతో పాటు అచ్చాఫీసులో పనిచేసేవాడు. వాడు ఇంటికి రాలేదు. వాళ్ళమ్మ తోమాసా పిన్ని బురదలోంచి కొడుకుని చొక్కా గుండీ చూసి గుర్తుపట్టింది. మొహంలో గుర్తుపట్టడానికేం మిగల్లేదు.

ఆగస్టులో అధ్యక్షుడు విమానమెక్కి పారిపోయాడు. ఆ పొద్దున ఊరికి పిచ్చెక్కిపోయింది. కెప్టెన్ దొరకలేదు, ఉబాల్దో దొరికాడు. ఆడవాళ్ళ గౌను తొడుక్కుని పారిపోతుంటే వంతెన దగ్గర పట్టుకున్నారు. కత్తిపీటలు, రాళ్ళు, చెరకు నరికే కత్తులు. కారుకి కట్టి రెండు వీధులు ఈడ్చారు. వాడి కాళ్ళని ఎవడో నరికి ఎత్తి చూపించాడు. జనం ఈలలేశారు. నేనూ అరిచాను, కడుపారా అరిచాను. గొంతులో ఆ అరుపు పూర్తికాకముందే ఎవడో, "పియానోవాడేడి?" అన్నాడు.

జనం మా తలుపు విరగ్గొట్టారు. నేను ఇస్త్రీ పెట్టెతో ఒకడి భుజం కాల్చాను, అంతవరకే చేతనైంది. అనిసెతోని జుట్టు పట్టి వీధిలోకి లాక్కుపోయి, రెండు చేతులూ అరుగు రాయి మీద పరిచి, ఒక్కో మణికట్టు మీద ఒక్కొక్కడు మోకాలేసి కూర్చున్నాడు. రాళ్ళు కొట్టే సమ్మెట తెచ్చాడు ఒకడు.

"మా పిల్లల్ని చంపుతుంటే పాటలు కట్టావురా, లంజాకొడకా!"

"తమ్ముణ్ణి అడగండి! లియాంద్రోని అడగండి!" అని అరుస్తున్నాడు అనిసెతో.

అప్పుడే లియాంద్రోని ఠాణాలోంచి భుజాల మీద మోసుకొస్తున్నారు. ఎడమకాలు వంకరగా వేలాడుతోంది, పళ్ళు లేవు. సమ్మెటవాడు, "నువ్వే చెప్పు. నీ మాటే తీర్పు" అన్నాడు.

లియాంద్రో అన్న చేతుల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. "వదలండి. పసేయో వస్తే కొరడా ఆగేది. అన్న దాన్ని సాగదీశాడు. అందుకే బతికున్నాను" అన్నాడు.

మోకాళ్ళు లేచాయి. ఎవడో ఏడ్చాడు. సమ్మెట తెచ్చినవాడే అనిసెతోని భుజాన ఎత్తుకున్నాడు. జనం సంగతి నాకు అప్పుడే తెలిసొచ్చింది.

ఇక చూడండి వాడి వైభవం. హవానాలో, సాంతియాగోలో, ఎక్కడ కచేరీ పెట్టినా హాలు నిండిపోయేది. ఇప్పుడు ముందు తలుపులోంచే రమ్మన్నారు. పెద్ద ముక్కలన్నీ అయ్యాక జనం, "పసేయో! పసేయో!" అని కేకలేసేవాళ్ళు. వాడు దన్సోన్ ఎత్తుకుని, ఆ ముక్కని తిప్పి తిప్పి వాయిస్తుంటే ఆడవాళ్ళు ఏడుస్తూ విసనకర్రలు ఊపేవాళ్ళు. తోమాసా పిన్ని ప్రతి ఆదివారం జామపండు హల్వా చేసి తెచ్చేది. "నా కొడుక్కి ఆ నరకంలో నువ్వే నాయనా ఊపిరి తిప్పుకోనిచ్చావు" అని వాడి చేతులు ముద్దు పెట్టుకునేది. లియాంద్రో అప్పుడు లేచి పెరట్లోకి పోయేవాడు. కాలు నొప్పేమో అనుకునేదాన్ని.

కచేరీలకి వాడు ఒక్కసారీ రాలేదు. మా ఊరి పెద్ద థియేటర్లో ఆదివారం మధ్యాహ్నం కచేరీ పెట్టినప్పుడు మాత్రం నేనే మెడలు వంచి తీసుకెళ్ళాను. "అన్న నీ కోసం పారిస్ వదులుకున్నాడురా, ఒక్క పూట కూర్చోలేవా?" అన్నాను. పక్కన కూర్చోబెట్టుకున్నాను.

దన్సోన్ మొదలైంది. పసేయో వచ్చింది. అనిసెతో దాన్ని రెండోసారి తిప్పాడు, మూడోసారి తిప్పాడు. జనం నవ్వుతూ లేచి నిలబడి, డాన్సు హాల్లో లాగా విసనకర్రలు తీశారు. నా పక్కన ఏదో తడి తగిలింది. చూస్తే లియాంద్రో ప్యాంటు తడిసిపోయి ఉంది.

"ఒరేయ్, ఏమైందిరా?"

వాడు ఊతకర్ర పట్టుకుని లేచాడు. ఈడ్చుకుంటూ స్టేజీ మెట్లెక్కాడు. తమ్ముడు అన్నని కౌగిలించుకోబోతున్నాడని జనం చప్పట్లు కొట్టారు. అనిసెతో వాయిస్తూనే తలెత్తి నవ్వాడు. లియాంద్రో రెండు చేతులా కర్ర ఎత్తి, ఆ వేళ్ళ మీద దించాడు. ఎముకలు విరిగిన చప్పుడు ఆఖరి వరసదాకా వినబడింది. మళ్ళీ ఎత్తి దించాడు. పియానో తెల్ల మెట్లన్నీ రక్తమైపోయాయి. "ఆపు! ఆపన్నా ఇక!" అని లియాంద్రోయే అరుస్తున్నాడు, అప్పటికే పియానో ఆగిపోయినా.

పోలీసులకి అనిసెతో, "అన్నదమ్ముల గొడవ, మీకెందుకు" అని చెప్పి పంపేశాడు. డాక్టరు రెండు చేతులకీ చెక్కలు కట్టి, ఇక పియానో మాట మర్చిపొమ్మన్నాడు. డాక్టరు గడప దాటాక లియాంద్రో అన్న మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"కొడుతుంటే నేను ఏమీ చెప్పలేదన్నా. దెబ్బ పడుతుంటే ఒంట్లో ఇంకేం పట్టదు. నువ్వు పసేయో మొదలెట్టినప్పుడు... ఉబాల్దో చుట్ట వెలిగించి నా పక్కన పీట మీద కూర్చునేవాడు. ఎప్పుడు అయిపోతుందో తెలిసేది కాదు. ఇప్పుడవుతుంది, ఇప్పుడవుతుంది అని చూస్తుండేవాణ్ణి. నువ్వు ఇంకా, ఇంకా తిప్పేవాడివి. ఆ రోజు తట్టుకోలేకపోయాను. వాడు అడగను కూడా లేదు. నా అంతట నేనే సెవెరీనో పేరు చెప్పేశాను."

అనిసెతో పైకప్పు చూస్తూ పడుకున్నాడు. వాడి మొహం చూడలేక నేను గోడ వైపు తిరిగాను.

వారం తిరక్కుండానే తోమాసా పిన్ని వచ్చింది, హల్వా గిన్నెతో. చెక్కలు కట్టిన చేతులు చూసి గుండెలు బాదుకుంది. చెంచాతో కొంచెం తీసి వాడి నోట్లో పెట్టి, లియాంద్రో మీదికి తిరిగింది.

"నీ చేతులు పడిపోను! ఏం పాపం చేశాడురా దేవుడిలాంటి అన్న? చెప్పు! ఎందుకు కొట్టావో ఇవాళ నాకు చెప్పు!"

లియాంద్రో పెదాలు కదిలాయి. వాడు చెప్పేస్తాడని నాకు తెలిసిపోయింది. ఉబాల్దోని ఈడ్చిన వీధులే ఇవి, ఆ కత్తులు ఇంకా ఈ ఇళ్ళల్లోనే ఉన్నాయి.

"వాడికి నిజం తెలిసింది, అందుకు కొట్టాడు" అన్నాడు అనిసెతో. "సెవెరీనో పేరు ఠాణాలో చెప్పింది నేనే పిన్నీ. తమ్ముణ్ణి కాపాడుకోవడానికి నీ కొడుకుని అప్పజెప్పాను."

పిన్నికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడి నోట్లో వేలు పెట్టి, తను తినిపించింది బయటికి లాగింది. గిన్నెతో మొహాన కొట్టింది. నుదురు చిట్లింది. మళ్ళీ కొట్టింది. చెక్కలు కట్టిన చేతుల మీద కొట్టింది. వాడు చేతులు వెనక్కి తీసుకోలేదు. "వీధిలో అందరికీ చెప్తాను" అని అరుస్తూ ఆమె గడప దాటింది.

నేను లియాంద్రో వైపు చూశాను. పరుగెత్తి వెళ్ళి ఆమెని ఆపడానికి ఇంకా టైముంది. వాడు కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, లేవలేదు.