నాన్న ఈల

కంటోన్మెంట్ క్వార్టర్సులో పెరిగిన మిత్రులారా, మన నాన్నల ఈలలు గుర్తున్నాయా?

నోయిడాలో మా అపార్ట్‌మెంట్ సొసైటీ గార్డు ఈల వేసినప్పుడల్లా నా ముక్కుకి తడిసిన దేవదారు వాసన తగులుతుంది. నాన్న ఆర్మీలో ఉండేవాడు. నా చిన్నప్పుడు ఒక వేసవిలో, ఆయన సెలవు మీద వచ్చినప్పుడు, కొండల్లో ఓ చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. చెమ్మ పట్టిన రజాయిలు, కిరసనాయిలు స్టవ్వు, పెరటి గుమ్మం దాటితే అడవిలోకి కాలిబాటలు. రోజూ నడకే. దారి తెలియని అమ్మ ముందు నడవాలి, తెలిసిన నాన్న అందరికన్నా వెనక. అది ఆయన పద్ధతి.

"సెలవులని తీసుకొచ్చి పరేడ్ చేయిస్తారేంటండీ?" అని అమ్మ విసుక్కునేది.

"ఠీక్ హై, నడువు. దారి తప్పితే ఈల వేస్తాగా" అనేవాడు నాన్న.

ఆ సెలవు అయ్యాక సరిహద్దుకు వెళ్లిన నాన్న, జెండా కప్పిన పెట్టెలో తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఇన్నేళ్లూ అమ్మ మమ్మల్ని ఏ ఈలా లేకుండానే నడిపించింది.

ఇప్పుడు అమ్మకి మతిమరుపు జబ్బు. నిన్న సాయంత్రం నాతో నడుస్తూ మాది కాని టవర్ వైపు తిరిగింది. అంతలో గార్డు ఏదో కారుని ఆపడానికి ఈల వేశాడు. అమ్మ టక్కున ఆగిపోయి నా చెయ్యి పట్టుకుంది.

"దారి తప్పాను. భయపడకే, మీ నాన్న వెనకే ఉన్నారు."