రిపోర్టులో లేని పేరు

ఎనిమిదేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. ఇంగ్లీషు వాక్యం, నేనే రాసింది. అందులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. దోషమంతా రాసిన మనిషిలోనే ఉంది. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. పేరు దాచుకోవడం నాకు కొత్త కాదని కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మాదాపూర్‌లో ఒక కంపెనీలో కొత్తగా చేరే పిల్లలకు ఆఫీసు ఇంగ్లీషు నేర్పుతాను. ప్రతి బ్యాచ్‌కీ మూడో రోజు పాసివ్ వాయిస్ ఉంటుంది. పని ముఖ్యం, చేసినవాడు కాదు అనుకున్నప్పుడు వాడాలి అని చెబుతాను. రోడ్డు వేయబడింది, సర్వర్ ఆపబడింది. పిల్లలు నవ్వుతారు. నిజమే, అన్నం తినబడింది అని మన ఇళ్లలో ఎవరంటారు? మనకు వేరే దారులున్నాయి. చిన్నప్పుడు నేను గాజు గ్లాసు కింద పడేసి "గ్లాసు పగిలిందమ్మా" అంటే అమ్మ వంటింట్లోంచే అడిగేది, "పగిలిందా, పగలగొట్టావా?" అని. అమ్మ బడిపంతులమ్మ. ఆవిడ దగ్గర ఆ ఆటలు సాగేవి కావు.

మొన్న క్లాసులో ఒకమ్మాయి లేచి అడిగింది. "ఎవరు చేశారో తెలిసి కూడా, దాచడానికి వాడొచ్చా మేడమ్?" పాపం, మామూలుగానే అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. "ఆ సంగతి తర్వాత చూద్దాం" అని స్లైడు మార్చేశాను. ఎనిమిదేళ్లుగా నేను చేస్తున్నదీ అదే.

స్వరూప గురించి చెప్పాలి.

అప్పుడు నేను ట్రైనర్‌ని కాదు, రిపోర్టులు రాసేదాన్ని. స్వరూప మా ఫ్లోర్‌లో కాంట్రాక్ట్ ఆపరేటర్. ఒక విదేశీ క్లయింట్‌కు వచ్చే ఫిర్యాదు ఉత్తరాలను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. బోరబండ నుంచి లోకల్ రైల్లో వచ్చేది. వాళ్లింట్లో మెడలో ఐడీ కార్డు వేసుకున్న మొదటి మనిషి. తిరిగి వెళ్లేటప్పుడు రైల్లో కూడా తీసేది కాదు. ఎందుకని అడిగితే "పక్కింటోళ్లు చూడొద్దా అక్కా?" అని పకపకా నవ్వేది. చేతి వేగం గొప్పది కానీ ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయాలంటే ప్రాణం మీదికి వచ్చేది. రోజూ ఒంటిగంటకు ఆ పూట పనంతా వివరిస్తూ క్లయింట్‌కు ఒక మెయిల్ వెళ్లాలి. అది నేను రాసేదాన్ని. ఆమె సీటులో, ఆమె లాగిన్‌లో. ఈలోపు ఆమె మా ఇద్దరి టిఫిన్ డబ్బాలూ ప్యాంట్రీలో వేడి చేసుకొచ్చేది. ఒకరి లాగిన్ ఒకరు వాడకూడదని గోడ మీద రాసే ఉంది. దాని కిందే కూర్చుని అందరం వాడేవాళ్లం.

ఆ రోజు మెయిల్‌తో పంపాల్సిన ఫైల్ సేవ్ కాలేదు. డ్రైవ్ నిండిపోయిందని వచ్చింది. చూస్తే 'పాత కాపీ' అన్న పేరుతో పెద్ద ఫోల్డర్ కనిపించింది. పాతదే కదా అనుకున్నాను. తీసేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను, శుభ్రంగా చేయడం నాకు అలవాటు మరి. మెయిల్ వెళ్లింది. స్వరూప డబ్బాలు తెచ్చింది. చుక్కకూర పప్పు బాగుందని రెండుసార్లు వేయించుకున్నాను కూడా.

మూడు గంటలకు ఫోన్లు మొదలయ్యాయి. పేరుకే పాత కాపీ, ఆ ఫోల్డర్‌లో మూడు నెలల ఉత్తరాలున్నాయట. స్కాన్ అయినా, వివరాలు ఇంకా ఎక్కించనివి. దానికి బ్యాకప్ లేదు, స్కాన్ కాగానే కాగితాలు చించేస్తారు.

అప్పుడే నేనని చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? అప్పటికి అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నా ఉద్యోగం మీద వచ్చే ఇన్సూరెన్స్‌తోనే జరిగేది. అది కారణమా, సాకా? అమ్మ ఉన్నన్నాళ్లూ కారణమే అని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మ పోయి ఐదేళ్లు దాటింది. మరి ఈ ఐదేళ్లూ ఎవరి కోసం దాచాను?

మేనేజర్ నన్నే పిలిచారు. కాకినాడ మనిషి, మెత్తగా మాట్లాడతారు. "ఎవరి పేరూ వద్దండి మేడమ్. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కణ్ణుంచి, అంతే. పాసివ్‌లో పెట్టేయండి" అన్నారు. ఒకరి మీద వేలు చూపకూడదన్న మంచి ఉద్దేశంతోనే అన్నారు. ఆ మంచి పద్ధతిలోనే నాకు దాక్కునే చోటు దొరికింది. మొదటి షిఫ్టులో, ఆపరేటర్ లాగిన్ నుంచి, ఫోల్డర్ తొలగించబడింది. ఇదీ నేను రాసిన వాక్యం. అబద్ధం కాదు చూడండి, ప్రతి మాటా నిజమే. కానీ ఆ షిఫ్టులో ఆ ఫ్లోర్‌లో ఉన్న ఆపరేటర్ స్వరూప ఒక్కతే. అది రాసేటప్పుడు నాకు తెలియదా? తెలుసు. తెలిసే రాశాను.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. రిపోర్టు పైకి వెళ్లే ముందు ఆ షిఫ్టు వాళ్లందరూ చదివి సంతకం చేయాలి. స్వరూప దగ్గరికి కాగితం నేనే తీసుకెళ్లాను.

"ఇండ్ల ఏమున్నది అక్కా?"

"జరిగిందే రాశాను. ఫోల్డర్ పోయిందని."

"నా పేరున్నదా?"

"లేదు."

కాగితం వంక కాసేపు చూసింది. "నేనైతే తీసెయ్యలే అక్కా. తీసినట్టు యాదికి గూడ లేదు. ఏమో మల్ల, తెల్వక ఏదన్న నొక్కిన్నో ఏమో. మూడింటి సంది పరేషాన్ అయితున్నది."

నేను తీశాను స్వరూపా అని రెండు మాటలు. అవి అనలేదు. "నువ్వు చేశావని ఇందులో ఎక్కడా లేదు" అన్నాను.

"నువ్వు రాసినవంటే ఇగ నాకేం ఫికర్!" అంది. పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా ఇంగ్లీషులో పేరు రాసింది. రిపోర్టులో పేరు లేదన్న మాట నిజమే. కిందికి వచ్చేసరికి ఆమె చేత్తో ఆమె పేరే రాయించాను.

వారం తర్వాత ఆమె కార్డు గేటు దగ్గర పనిచేయలేదు. కాంట్రాక్టర్ ఇక రావద్దన్నాడట. నాలుగో అంతస్తు కిటికీలోంచి చూశాను. టిఫిన్ డబ్బా సంచి పట్టుకుని గేటు పక్కన నిలబడి ఎవరికో ఫోన్ చేస్తోంది. నా బల్ల మీద నా ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. రెండుసార్లూ ఎత్తలేదు.

తర్వాత ఆమె బోరబండలోనే ఒక బడిలో ఆయాగా చేరింది. ఆ విషయం తనే మెసేజ్‌లో చెప్పింది. అవును, నాతో మాట్లాడుతూనే ఉంది. ఏటా డిసెంబర్ ఇరవై ఐదున పొద్దున్నే 'హ్యాపీ క్రిస్మస్ అక్కా' అని పంపుతుంది. అమ్మ పోయాక చందానగర్ ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే. పండుగ రోజు అందరికీ కలిపి పంపే బొమ్మలు బోలెడు వస్తాయి. నన్నే ఉద్దేశించి, నన్ను అక్కా అని పిలుస్తూ వచ్చేది ఆ ఒక్కటే. అది వచ్చేదాకా నేను వంట మొదలుపెట్టను. నా వల్ల కూడు పోయిన మనిషి పలకరింపు కోసం ఎదురుచూడటం! ఛీ అనిపిస్తుంది. అయినా చూస్తాను. నిజం చెబితే అది కూడా పోతుందని నా భయం. అమ్మ తర్వాత నేను దాచుకున్నది నా పరువును కాదు, ఆ ఒక్క మెసేజ్‌నే.

చర్చిలో ప్రతి ఆదివారం అందరం కలిసి మేము పాపం చేశామని చెబుతాం. ఎంత గట్టిగా చెబుతానో! ఆ 'మేము'లో హాయిగా కలిసిపోవచ్చు. ఈ ఆదివారం మాత్రం నోరు పెగల్లేదు. క్లాసులో ఆ అమ్మాయి అడిగినప్పటి నుంచీ నిద్ర సరిగా లేదు. ఆరాధన కాగానే బయట ఆవరణలో సిమెంటు బెంచీ మీద కూర్చుని, ఫోన్‌లో తెలుగులో రాశాను. 'స్వరూపా, ఆ రోజు ఫోల్డర్ తీసేసింది నేను. నీ సీటులో కూర్చుని నేనే తీసేశాను. రిపోర్టు నీ మీదికి వచ్చేలా నేనే రాశాను. నీ చేత సంతకం నేనే పెట్టించాను.' ఇన్ని 'నేను'లు ఒక్కచోట ఎప్పుడూ రాయలేదు. క్షమించు అని కూడా రాసి, చెరిపేశాను. అడిగే ముఖం ఏది? పంపేశాను.

పది నిమిషాలకు ఫోన్ మోగింది. తెర మీద ఆమె పేరు. ఈసారి ఎత్తాను.

వెనకాల కుక్కర్ కూత వినిపిస్తోంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఆ రోజు గేటు కాడ నిలవడి నీకు రెండుసార్లు ఫోన్ చేసిన" అంది. "ఇన్నేండ్లు... పనిల ఉన్నవనుకున్న అక్కా."

పెట్టేసింది.

మళ్లీ చేయలేదు. నేనూ చేయలేదు. ఫోల్డర్ గురించి, ఉద్యోగం గురించి ఒక్క మాట అడగలేదు. ఎనిమిదేళ్లు నా తరఫున ఆమె ఒక సాకు వెతికి దాచిపెట్టింది. దాన్ని కూడా నేనే లాక్కున్నాను. చెప్పడం మంచిదే అయిందా, నా బరువు దించుకోవడానికి ఆమె నెత్తిన పెట్టానా? తెలియదు. మీరు తేల్చి చెప్పినా నమ్మలేనేమో.

ఒకటి మాత్రం ఉంది. ఆ రోజు బెంచీ మీద నుంచి లేచినప్పుడు కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. సిగ్గుగా ఉంది, అయినా అదే నిజం. ఈ డిసెంబర్‌లో ఆ మెసేజ్ రాదు. రాకుండా చేసింది నేను.